ఇంటర్నెట్ చిరునామా చదవడం – 4వ పాఠం: పేరు కొట్టేయమంటే ఏమవుతుంది?

పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసం దగ్గర మా పర్లాకిమిడి సాయంత్రం క్లాసులో సగం మంది ఒకేచోట, చిరునామా ఏ వైపు నుంచి చదవాలన్న దగ్గర, తడబడ్డారు. ఇంట్లో కూర్చుని నేర్చుకునే మీరూ అక్కడే ఆగి ఉంటారు. కాబట్టి ముందు అది సరిచేద్దాం.

పిన్‌కోడ్‌ని ఎడమ నుంచి చదువుతాం. మాది 761200. మొదటి 7 చూడగానే ఉత్తరం తూర్పు వైపు బయల్దేరుతుంది, 76 దగ్గర ఒడిశా అని తేలుతుంది, ఆ తర్వాతి అంకెలు ఊరి దాకా తీసుకొస్తాయి. పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నం పిన్‌కోడ్ 5తో మొదలవుతుంది. కూతవేటు దూరం ఊళ్లు, ఉత్తరాల దారులు మాత్రం వేరు. డొమైన్ పేరు, అంటే ఇంటర్నెట్ చిరునామా, దీనికి తలకిందులు. కుడి నుంచి చదవాలి. చివర ఉన్న డాట్ ఇన్, డాట్ కామ్, మన తెలుగు లిపిలోనే ఉన్న డాట్ భారత్, ఇవి మొదటి అంకె లాంటివి. ఏ చివరి ముక్క గురించి ఎవరిని అడగాలో రాసిపెట్టిన పట్టికే రూట్. ఇంతవరకూ పాత పాఠం.

ఇప్పుడు నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీయండి. ఈసారి లెక్క నిజంగా జరిగినదే.

2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్ మీదికి వచ్చింది. నాలుగు రోజులకు, 28న, అప్పటి ఉక్రెయిన్ డిజిటల్ మంత్రి మిఖైలో ఫెదరోవ్ రూట్ పట్టికను చూసుకునే ఐకాన్ సంస్థకు ఉత్తరం రాశారు. రష్యా పేర్లను, అంటే డాట్ ఆర్‌యూని, రష్యన్ లిపిలోని పేరుని, డాట్ ఎస్‌యూని పట్టికలోంచి తీసేయండి. ఆ పేర్లకిచ్చిన భద్రతా సర్టిఫికెట్లు (సైటు అసలైనదేనని చెప్పేవి) రద్దు చేయించండి. రష్యాలో ఉన్న రూట్ సర్వర్లు, అంటే ఆ పట్టిక చూసి జవాబిచ్చే కంప్యూటర్లు, ఆపండి. (డాట్ ఎస్‌యూ సోవియట్ యూనియన్‌ది. దేశం 1991లోనే పోయింది, పేరు మాత్రం ఇప్పటికీ పట్టికలో ఉంది. పట్టిక రాసేవాళ్లకు కొట్టివేత అంటే ఎంత బద్ధకమో చూడండి.) ఐరోపాలో ఐపీ అడ్రసులు (నెట్‌లోని కంప్యూటర్లకిచ్చే అంకెల చిరునామాలు) నమోదు చేసే రైప్ అనే సంస్థకు వేరే ఉత్తరం వెళ్లింది. రష్యన్ సభ్యుల అడ్రసులు వెనక్కి తీసుకోమని.

ఒక్కో కోరిక ఎదురుగా ఒకే ప్రశ్న రాయండి: ఇది పుస్తకం రాసేవాడి (పేర్లు, అడ్రసుల పట్టిక చూసుకునేవాడి) పనా, ఉత్తరం మోసేవాడి (సమాచారం చేరవేసే నెట్‌వర్క్) పనా? ఈ పాఠంలో నేర్చుకోవాల్సింది అదే.

సర్టిఫికెట్లు ఐకాన్ చేతిలో లేవు, వాటిని ఇచ్చే సంస్థలు వేరు. నోట్‌బుక్‌లో ఆ కోరిక కొట్టేయండి. రష్యాలో సర్వర్లు ఆపితే? రూట్ సర్వర్ల పేర్లు 13, వాటి నకళ్లు ప్రపంచమంతా వెయ్యికి పైగా ఉన్నాయి. పక్క దేశపు నకలు జవాబిస్తుంది. అంటే ఆపినా పెద్దగా ఒరిగేది లేదు.

అసలు చిక్కు డాట్ ఆర్‌యూ దగ్గరుంది. ఇది పుస్తకం రాసేవాడి పనే, చేయగలరు కూడా. చేస్తే ఏమవుతుందో నెమ్మదిగా చూడండి. రూట్ చెప్పిన జవాబుని మన నెట్ కంపెనీల సర్వర్లు 1,72,800 సెకన్లు, అంటే రెండు రోజులు గుర్తుపెట్టుకోవచ్చు. కాబట్టి పేర్లు ఒక్కసారిగా పోవు, రెండు రోజుల్లో ఒక్కో ఊళ్లో ఆరిపోతూ వస్తాయి. ఎవరికి? రష్యా 2019లోనే సొంత పేర్ల వ్యవస్థకు చట్టం చేసుకుంది. లోపలివాళ్లకు నకలు పట్టిక ఉంటుంది, సైన్యానికి సొంత దారులుంటాయి. బయటినుంచి రష్యన్ వార్తలు చదివేవాళ్లకు, అక్కడి బంధువులకు మెయిల్ పంపేవాళ్లకు మాత్రం తలుపు మూసుకుంటుంది. పైగా లోకానికి రెండు పట్టికలు తయారవుతాయి. ఒకే పేరు రెండు చోట్లకు దారితీస్తే ఆ పట్టికని ఇంకెవరు నమ్ముతారు?

మా క్లాసులో ఒక కుర్రాడు అడిగాడు, "సార్, బాంబులు వేస్తున్నవాడి పేరు కూడా కొట్టేయకూడదా?" కోపం న్యాయమైనదే. నేను కొటియా గుర్తుచేశాను. కొరాపుట్ జిల్లాలోని ఆ పల్లెలు మావంటే మావని ఒడిశా, ఆంధ్ర 1968 నుంచి సుప్రీంకోర్టు మెట్లెక్కుతున్నాయి. 2021లో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్లీ కోర్టుకెళ్లింది. రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ ఉన్నవాళ్లు అక్కడున్నారు. ఆ తగవులో ఒక పక్షం వెళ్లి, పిన్‌కోడ్ పుస్తకంలోంచి అవతలివాళ్ల వరస కొట్టేయమంటే పోస్టాఫీసు ఏం చేయాలి? కొట్టేస్తే ఓడేది రాష్ట్రం కాదు, పింఛను కాగితం కోసం చూస్తున్న ముసలమ్మ. యుద్ధానికీ సరిహద్దు తగవుకీ పోలిక లేదని నాకూ తెలుసు. పుస్తకం పని మాత్రం రెండుచోట్లా ఒకటే.

అప్పటి ఐకాన్ అధిపతి గోరన్ మార్బీ మార్చి 2న కాదని జవాబిచ్చారు. రైప్ కూడా ఒప్పుకోలేదు. నా ఓటు వాళ్లకే. అయితే తటస్థం అంటే చేతులు ముడుచుకు కూర్చోవడం కాదు. ఉక్రెయిన్‌లో ఇంటర్నెట్ నిలబెట్టడానికి ఐకాన్ 10 లక్షల డాలర్లు కేటాయించింది. మోసేవాళ్లు తమ నిర్ణయం తాము తీసుకున్నారు: కోజెంట్ అనే పెద్ద నెట్‌వర్క్ మార్చి 4 నుంచి రష్యన్ ఖాతాదారులకు సర్వీసు ఆపేసింది. దేశం మొత్తాన్ని కాకుండా సైన్యం, దుష్ప్రచారం చేసే అడ్రసుల జాబితా మాత్రమే తయారుచేసి, ఇష్టమున్న నెట్‌వర్కులు వాటిని ఆపుకోవచ్చని కొందరు నిపుణులు మార్చి 10న బహిరంగ లేఖ రాశారు. నాకిది నచ్చింది, కానీ ఆ జాబితా రాసేది ఎవరన్న దగ్గర నాకింకా టెన్షనే.

ఒక మెలిక మర్చిపోవద్దు. పుస్తకం రాసేవాడికీ ఒక ఇల్లు, ఆ ఇంటికో చట్టం ఉంటాయి. రైప్ ఉన్నది ఆమ్‌స్టర్‌డామ్‌లో. అందుకే ఐరోపా ఆంక్షలు పడిన సంస్థల నమోదుల్ని అది స్తంభింపజేయాల్సి వచ్చింది. అడ్రసులు లాక్కోలేదు, చేతులు మారకుండా ఆపింది. నోట్‌బుక్‌లో దీనికి మూడో గడి గీయండి.

ఇంటి పని: డాట్ భారత్ తీసుకోండి. ఒడియా లిపిలోనూ అది ఉంది, రెండూ రాయండి. ఒక్కోదాన్ని ఆపాలంటే ఎవరెవరిని అడగాలి, అందులో రాసేవాళ్లెవరు, మోసేవాళ్లెవరు, ఆపాక తిరిగి పెట్టడానికి ఎన్నాళ్లు పడుతుంది? అయిదో పాఠంలో మోసేవాళ్ల దారులు గీస్తాం, స్కేలు దగ్గర పెట్టుకోండి.