దేవుని ఉగ్రతను గూర్చిన వాక్యభాగాలను చదవడం ఎలా? నాల్గవ పాఠం: కష్టాన్ని చూసి పాపాన్ని లెక్కగట్టవచ్చా?

గత పాఠంలో నిర్గమకాండము 34వ అధ్యాయం 6, 7 వచనాలను చదివి, దేవుని దీర్ఘశాంతమూ, దోషిని ఊరకే విడిచిపెట్టని ఆయన న్యాయమూ ఒకే ప్రకటనలో వెలువడ్డాయని చూశాం. ఈ పాఠంలో నేర్చుకోవలసిన పని అంతకంటే కష్టమైనది. ఉగ్రతను గూర్చిన ఏ వాక్యభాగమైనా చదివేటప్పుడు ఆ ఉగ్రత ఎవరి మీదికి వచ్చింది, ఏ పాపం నిమిత్తం వచ్చింది, ఏ రూపంలో వచ్చింది అనే మూడు సంగతులను వాక్యం చెప్పినంత మేరకే గ్రహించి, అక్కడ ఆగాలి. సండే స్కూలులో బోధించేవారికీ, ఇళ్లలో ప్రార్థన కూడికలు నడిపేవారికీ ఈ ఆగడమే అన్నిటికంటే అవసరం. ఎందుకంటే మంచాన పడిన మనిషి పక్కన నిలబడి వాక్యం చెప్పేటప్పుడు మనం తరచుగా దాటిపోయే హద్దు ఇదే.

బైబిలు, ఒక నోటుపుస్తకం, పెన్సిలు దగ్గర పెట్టుకొని రోమా పత్రిక 1వ అధ్యాయం 18 నుంచి 32 వరకు ఆగకుండా చదవండి. దేవుని కోపం పరలోకం నుంచి బయలుపరచబడుతున్నదని పౌలు 18వ వచనంలో చెప్పగానే, సొదొమ మీద కురిసినట్టు అగ్ని గంధకాలు కురుస్తాయని మనం ఎదురుచూస్తాం. అవేవీ కురవవు. 24, 26, 28 వచనాల కింద గీత గీయండి. దేవుడు వారిని అప్పగించాడన్న మాట మూడుసార్లూ కనిపిస్తుంది. వారు దేనిని కోరుకొని దేవుణ్ణి విడిచారో దానికే ఆయన వారిని అప్పగించాడు. ఆ తరువాతి వచనాల్లో అసూయ, నరహత్య, కలహం, కపటం, కొండెములు చెప్పడం, తల్లిదండ్రులకు అవిధేయత అని పౌలు వరుసగా రాసినవి, అలా అప్పగించబడిన మనుషులు ఒకరికొకరు చేసుకుంటున్న కీడులు. ఇక్కడ ఉగ్రత రూపం ఇదే. పాపం కొంత మేరకు తానే తన శిక్షగా మారుతున్నది.

ఈ భాగాన్ని గురించి పండితుల మధ్య ఒక పెద్ద చర్చ జరిగింది. పాపం నుంచి దాని ఫలితం పుట్టడమనే క్రమాన్నే పౌలు కోపమన్నాడని, అది దేవుని మనోభావం కాదని సి. హెచ్. డాడ్ 1932లో వెలువరించిన రోమా పత్రిక వ్యాఖ్యానంలో వాదించారు. లియోన్ మోరిస్ 1955లో దానికి బదులిస్తూ, ఉగ్రత అంటే చెడుతనాన్ని దేవుడు స్వయంగా ఎదిరించడమేనని నిలబెట్టారు. నా మట్టుకు మోరిస్ వాదమే వాక్యానికి దగ్గరగా ఉంది. ఎందుకంటే మూడు వచనాల్లోనూ అప్పగించినది దేవుడే. అయినా ఆ కోపాన్ని మన కోపంతో సమానం చేయకూడదు. దేవుని కోపం మనస్సు కలత చెందడం కాదనీ, పాపానికి శిక్ష విధించే తీర్పే ఆ కోపమనీ అగస్టీను ఐదవ శతాబ్దంలోనే రాశాడు. ఇప్పుడు పేజీ తిప్పి 2వ అధ్యాయం మొదటి వచనం చూడండి. అంతసేపూ ఇతరుల పాపాలను తలూపుతూ వింటున్న చదువరి వైపు తిరిగి, తీర్పు తీర్చు మనుష్యుడా, నీవు నిరుత్తరుడవు అంటాడు పౌలు. ఉగ్రతను గూర్చిన వాక్యం ఎవరి మీదికి వచ్చిందన్న ప్రశ్నకు జవాబు రాసేటప్పుడు మన పేరు విడిచిపెట్టవద్దని చెప్పే వచనం ఇది.

ఇక లూకా 13వ అధ్యాయానికి రండి. పిలాతు చంపించిన గలిలయుల సంగతి కొందరు యేసుతో చెబుతారు. వారు అందరికంటే పాపులని మీరనుకుంటున్నారా అని ఆయన అడిగి, సిలోయములో గోపురం కూలి చనిపోయిన 18 మందిని కూడా తానే ప్రస్తావించి, రెండుసార్లూ కాదని చెబుతాడు. 2021 నవంబరులో తిరుపతి వీధులు నీట మునిగి, స్వర్ణముఖి పొంగి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని దిగువ గ్రామాల వారిని ఖాళీ చేయించిన రోజులు మనకు గుర్తున్నాయి. అటువంటి వేళ, ఈ ఊరి పాపం పండింది గనుకనే వరద వచ్చిందని ఎవరైనా వేదిక మీద అంటే, వారు యేసు రెండుసార్లు కాదన్న మాటను ఔనంటున్నారు. నీళ్లు ఇంట్లోకి వచ్చి బియ్యమూ, బట్టలూ, పిల్లల పుస్తకాలూ పోగొట్టుకున్న కుటుంబం పొరుగు కుటుంబం కంటే ఎక్కువ పాపం చేసిందని చెప్పే అధికారం వాక్యం మనకు ఇవ్వలేదు. ఆ ఊరిలో ఎక్కువమంది వేరే మతం వారైతే ఆ మాట మరింత క్రూరమైనది.

అయితే యేసు అక్కడితో ముగించలేదు. మారుమనస్సు పొందకపోతే మీరందరూ అలాగే నశిస్తారని అడిగినవారికే చెప్పాడు. చనిపోయినవారి పాపం ఎంతో కొలవాలనుకున్నవారిని తమ పాపం వైపు చూడమన్నాడు. వెంటనే 6 నుంచి 9 వరకు అంజూరపు చెట్టు ఉపమానం వస్తుంది. మూడేళ్లుగా కాపు లేని చెట్టును నరికివేయమని యజమాని అంటే, ఇంకొక్క ఏడు ఉండనివ్వమనీ, చుట్టూ తవ్వి ఎరువు వేస్తాననీ తోటమాలి వేడుకుంటాడు. చిత్తూరు మామిడి తోటల్లో కాపు తప్పిన చెట్టుకు పాదు తీసి ఎరువు వేసే రైతుకు ఈ ఉపమానం విడమరచి చెప్పనక్కరలేదు. గొడ్డలి మాట అబద్ధం కాదు. గడువు మాటా అబద్ధం కాదు. రెండింటిలో ఒకదానిని విడిచి బోధిస్తే ఉపమానం చెడిపోతుంది.

గుడ్డివాడుగా పుట్టినది ఎవరి పాపం వల్ల అని శిష్యులు అడిగిన ప్రశ్న, అతని పాపమూ కాదు, తల్లిదండ్రుల పాపమూ కాదని యేసు చెప్పిన జవాబు యోహాను 9లో ఉన్నాయి. యోబు స్నేహితుల వాదనలూ మీకు తెలిసినవే. వాటి కోసం యోబు 42:7 ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. యోబు కష్టాన్ని చూసి అతని పాపాన్ని లెక్కగట్టిన ఎలీఫజు మీదా, అతని ఇద్దరు స్నేహితుల మీదా దేవుని కోపం మండింది.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. అననీయ సప్పీరాల మరణం, దావీదు ఇంటి మీదికి వచ్చిన ఖడ్గం, కొరింథు సంఘంలో అనేకుల బలహీనత వంటివి పాపానికి శిక్షలేనని లేఖనం చెప్పడం లేదా? చెబుతుంది, వాటిని మెత్తబరచకూడదు. కానీ ఆ చోట్ల ఫలానా శిక్ష ఫలానా పాపానికి వచ్చిందని లేఖనమే పలికింది. ఎదుటివారి ఎక్సరే చూసి అటువంటి మాట పలకడానికి మనం దావీదుకు అతని పాపాన్నీ శిక్షనూ చెప్పిన నాతాను వంటి ప్రవక్తలం కాము. మన ప్రార్థన కూడికల్లో బాగా వినిపించే వంశశాపం మాట కూడా ఇలాంటిదే. నిర్గమకాండము 20:5లో మూడు నాలుగు తరాల మాట చదివేవారు, 6వ వచనంలో వేయి తరాల కరుణనూ, కుమారుడు తండ్రి దోషం మోయడని చెప్పే యెహెజ్కేలు 18నీ కలిపి చదవాలి.

ఉగ్రత మాట ఇంత నొప్పి కలిగిస్తుంటే దానిని వదిలేయకూడదా అని కొందరు అడుగుతారు. రెండవ శతాబ్దంలో మార్కియోను అనే బోధకుడు చేసినది అదే. కోపించే దేవుణ్ణి పాత నిబంధనకు వదిలి, ప్రేమించే వేరొక దేవుణ్ణి యేసు తండ్రిగా బోధించాడు. 144లో రోము సంఘం అతన్ని వెలివేసింది. మన సంఘాలు అందుకున్న వారసత్వమూ ఆ దారి పట్టలేదు. తిరుపతి లూథరన్ సంఘాలకు పునాదియైన 1529 నాటి లూథరు చిన్న ప్రశ్నోత్తరావళి, పది ఆజ్ఞల ముగింపులో దేవుని కోపానికి భయపడమని చెప్పి, ఆ వెనుకనే ఆయన కృపను ప్రేమించి నమ్మమంటుంది. చిత్తూరు ప్రాంతానికి ఆర్కాటు మిషన్ తెచ్చిన రిఫార్మ్డ్ సంప్రదాయంలోని 1563 నాటి హైడల్‌బర్గ్ ప్రశ్నోత్తరావళి పదవ ప్రశ్నలో కోపాన్ని చెప్పి, పదకొండవ ప్రశ్నలోనే దేవుడు కనికరం గలవాడు కాడా అని అడుగుతుంది. దౌర్జన్యానికి గురైనవారి పక్షాన దేవుడు కోపించడంటే ఆ బాధితులకు మనం చెప్పగలిగే శుభవార్త ఏముంటుంది?

మరి చిత్తూరు నుంచి బిడ్డను తీసుకొని వేలూరు ఆసుపత్రికి వెళ్లి, వార్డు బయట చాప మీద కూర్చున్న తల్లి, నేనేం పాపం చేశానండీ అని అడిగితే ఏం చెప్పాలి? దాచుకున్న పాపమేదో ఒప్పుకోమ్మా అనవద్దు. ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలియదమ్మా అని చెప్పి, నరులకు బాధ కలుగజేయడం దేవుని హృదయానికి ఇష్టం కాదనే విలాపవాక్యములు 3:33 చదివి, బిడ్డ పేరు పెట్టి ప్రార్థించండి. ఆమె తానుగా ఏదైనా ఒప్పుకోదలిస్తే వినండి, కానీ దానిని రోగానికి ముడిపెట్టవద్దు.

ఈ వారం అభ్యాసానికి ఆమోసు 1:3 నుంచి 2:8 వరకు తీసుకొని, ప్రతి జనం దగ్గరా మూడు ప్రశ్నలకూ జవాబు రాయండి. దమస్కు, గాజా, తూరు పేర్లు వింటూ సంతోషించే ఇశ్రాయేలు వైపు ప్రవక్త ఏ వచనంలో తిరిగాడో గుర్తించండి. బీదలను చెప్పుల జోడుకు అమ్మడం, తాకట్టు పెట్టిన బట్టలు పరచుకొని బలిపీఠాల పక్కన పండుకోవడం అని అక్కడ రాసిన పాపాలకు మీ వీధిలో, మీ సంఘంలో ఏవి సాటి వస్తాయో ఎదురుగా రాసి, వాటిలో మీ చేతి మీదుగా జరిగినవి ఉంటే వేరుగా గుర్తు పెట్టండి. వచ్చే పాఠంలో రోమా 3:21 నుంచి 26 వరకు చదివి, ఈ ఉగ్రతకూ క్రీస్తు సిలువకూ ఉన్న సంబంధాన్ని చూద్దాం.