సీసా మీద "థెరప్యూటిక్ గ్రేడ్" అని ఉంటే

బెంగళూరులో జయనగర్, మల్లేశ్వరం షాపుల్లో ఎసెన్షియల్ ఆయిల్స్, అంటే మొక్కల నుంచి తీసే సువాసన నూనెలు, కొనేవాళ్లకి ఒక మాట. సీసా మీద "థెరప్యూటిక్ గ్రేడ్" (వైద్యానికి పనికొచ్చే రకం) అని ఉందని ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి. ఆ గ్రేడ్ ఏ ప్రభుత్వ సంస్థా ఇచ్చేది కాదు, కంపెనీలు సొంతంగా పెట్టుకున్న పేరు.

సీసా వెనక్కి తిప్పి మొక్క శాస్త్రీయ నామం చూడండి. మన మంచి గంధం నూనె అయితే సాంటాలమ్ ఆల్బమ్ అని ఉండాలి. వట్టి "శాండల్ ఆయిల్" అంటే ఏదైనా కావచ్చు. నిమ్మగడ్డి, గంధం, గులాబీ మూడూ ఒకే ధరకి అమ్ముతున్నారా, అక్కడ కొనకండి. గులాబీ నూనె ఒక్క కిలో తీయాలంటే టన్నుల కొద్దీ పూలు కావాలి మరి! ఇక స్ట్రాబెర్రీ ఎసెన్షియల్ ఆయిల్ అంటే అది సెంటే.

హైడ్రోసోల్ అంటే పూలనో ఆకులనో ఆవిరి పట్టి బట్టీ తీసినప్పుడు నూనెతో పాటు దిగే నీళ్లు. రోజ్ వాటర్ అలాంటిదే. దాని లేబుల్‌లో "ఫ్రాగ్రెన్స్" అని కనిపిస్తే అందులో సెంటు కలిపారన్నమాట. ప్రిజర్వేటివ్ లేదు, ఏళ్ల తరబడి బయటే ఉంచొచ్చు అన్నా నమ్మకండి, బ్యాక్టీరియా చేరుతుంది. రోజ్ వాటర్ కళ్లల్లో వేసే అలవాటుంటే దయచేసి మానేయండి, అది కంటి చుక్కల మందులా స్టెరైల్‌గా, అంటే క్రిములేవీ లేకుండా, తయారుచేసింది కాదు.