కంప్రెషన్ తగ్గిందా? హెడ్ విప్పేముందు గాలి ఎటు పోతోందో చూడండి

ఐడిలింగ్‌లో ఇంజన్ వణుకుతోంది, కొత్త ప్లగ్గు, మంచి కాయిల్ వేసినా మిస్సింగ్ పోలేదు. అప్పుడు చూడాల్సింది కంప్రెషన్, అంటే సిలిండర్లో పిస్టన్ గాలిని నొక్కినప్పుడు వచ్చే ఒత్తిడి. ముందు ఇంధనం ఆపేసి సెల్ఫ్ కొట్టి వినండి. బాగున్న ఇంజన్ ఒకే లయలో తిరుగుతుంది. ఒక సిలిండర్ పోయి ఉంటే దాని వంతు వచ్చినప్పుడల్లా స్టార్టర్ మీద బరువు తగ్గి, చటుక్కున ముందుకు జారినట్టు వినిపిస్తుంది.

పెట్రోల్ ఇంజన్‌కి టెస్ట్ ఇలా చేయండి. ఇంజన్ వేడెక్కాక ఆపి, కాసేపు చల్లారనివ్వండి. మరీ కాలుతుండగా ప్లగ్గులు విప్పితే అల్యూమినియం హెడ్ (సిలిండర్ల పై మూత)లో మరలు పాడవుతాయి. గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఫ్యూయల్ పంప్ ఫ్యూజు, కాయిల్ కనెక్టర్లు తీసేయండి. ప్లగ్గుల చుట్టూ దుమ్ము ఊదేసి అన్నిటినీ విప్పండి. ప్లగ్గు రంధ్రంలో కంప్రెషన్ గేజ్‌ని చేత్తోనే బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి, ముల్లు 5, 6 సార్లు ఎగిరేదాకా సెల్ఫ్ కొట్టండి. మొదటి ఎగురుడు, చివరి రీడింగు రెండూ రాసుకోండి. ప్రతి సిలిండర్‌కీ అన్నే ఎగురుళ్లు.

యాక్సిలరేటర్ తొక్కకపోయినా, బ్యాటరీ వీక్‌గా ఉన్నా అన్ని సిలిండర్లూ తక్కువే చూపిస్తాయి. మంచి ఇంజన్లను బోరుకు (సిలిండర్లు చెక్కించడానికి) పంపేది ఈ పొరపాటే. రెండూ సరిగానే ఉండి అన్నీ ఒకేలా తక్కువుంటే టైమింగ్ బెల్టు పళ్లు జారాయేమో చూడండి.

చాలా పెట్రోల్ ఇంజన్లలో 120 నుంచి 180 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) వస్తుంది. మీ బండి అంకె సర్వీస్ మాన్యువల్లో ఉంటుంది. అన్నిటికన్నా తక్కువది, ఎక్కువదానిలో 75 శాతమైనా ఉండాలి. డీజిల్‌కి ఈ గేజ్ వాడకండి, అక్కడ ఒత్తిడి 300 దాటుతుంది.

తక్కువ వచ్చిన సిలిండర్లో ఒక టీస్పూన్ ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టండి. రీడింగ్ బాగా పెరిగితే పిస్టన్ రింగులో, బోరో (సిలిండర్ లోపలి గోడ) అరిగినట్టు. కదలకపోతే వాల్వులు, లేదా హెడ్ గ్యాస్కెట్ (హెడ్ కింద గాలి బయటికి పోకుండా ఉండే పొర). పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు తక్కువుంటే వాటి మధ్య గ్యాస్కెట్ మీదే మొదటి అనుమానం.

వాల్వు అనుకున్నా వెంటనే హెడ్ జోలికి వెళ్లొద్దు. ట్యాపెట్ గ్యాప్, అంటే వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఖాళీ కొలవండి. గ్యాప్ లేకపోతే వేడికి వాల్వు కాడ సాగి అది పూర్తిగా మూసుకోదు. వాల్వు కూర్చునే సీటు కాలకముందే పట్టుకుంటే సెట్టింగుతోనే సరిపోతుంది.

ఖాయం చేసుకోవాలంటే కంప్రెషన్ స్ట్రోక్‌లో పిస్టన్‌ను పైకి తెచ్చి, ప్లగ్గు రంధ్రం గుండా గాలి ఎక్కించండి. బుస్సుమనే శబ్దం ఎయిర్ ఫిల్టర్ వైపు వస్తే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్లో వస్తే ఎగ్జాస్ట్ వాల్వు. ఆయిల్ మూత దగ్గర గట్టిగా వస్తే రింగులు. కొద్దిగా రావడం మామూలే. చల్లారిన రేడియేటర్లో బుడగలు వస్తే గ్యాస్కెట్. పిస్టన్ కచ్చితంగా పైన లేకపోతే గాలి ఇంజన్‌ను తిప్పేస్తుంది, కాబట్టి గాలి వదిలేముందు క్రాంక్ పుల్లీ మీంచి స్పానర్ తీసేయండి.