గాలిలో ఆక్సిజన్ ఎంతుందో ఇంట్లోనే కొలవడం

ఆక్సిజన్ గాలిలో ఐదో వంతు అని చూపించడానికి పళ్ళెంలో నీళ్ళు పోసి, కొవ్వొత్తి వెలిగించి, పైన గ్లాసు బోర్లిస్తుంటారు. ఆ ప్రయోగం పిల్లలకు చూపించకండి. లోపల ఇంకా 15–16 శాతం ఆక్సిజన్ ఉండగానే వత్తి ఆరిపోతుంది. నీళ్ళు పైకి లేచేది ముఖ్యంగా వేడెక్కిన గాలి చల్లారడం వల్ల. ఇనుము తుప్పు పట్టేటప్పుడు మాత్రం ఆక్సిజన్‌ను దాదాపు మొత్తం లాగేసుకుంటుంది. కాకపోతే రెండు రోజుల ఓపిక కావాలి.

20 సెంటీమీటర్ల పొడవున్న, గోడలు నిటారుగా ఉండే గాజు గొట్టమో మెజరింగ్ సిలిండరో తీసుకోండి. వెడల్పాటి గిన్నె, వెనిగర్, ఒకటి రెండు గ్రాముల సన్నటి స్టీల్ వూల్ (దూదిలా ఉండే ఇనుప పీచు) కావాలి. బెంగళూరులో అయితే చెక్క పాలిష్ సామాను అమ్మే హార్డ్‌వేర్ కొట్లో అడగండి. అంట్లు తోమే స్టీల్ పీచు వద్దు, అది స్టెయిన్‌లెస్, తుప్పు పట్టదు. అయస్కాంతానికి అంటుకుందని కూడా నమ్మకండి, అంటుకునే స్టెయిన్‌లెస్ రకాలున్నాయి. చిన్న ముక్క తడిపి రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకి ఎర్రబడాలి.

స్టీల్ వూల్‌ను రెండు నిమిషాలు వెనిగర్‌లో నానబెడితే పైనున్న నూనె పొర పోతుంది. తర్వాత మంచినీళ్ళలో బాగా జాడించి విదిలించండి. వెనిగర్ మిగిలితే ఇనుముతో కలిసి హైడ్రోజన్ పుట్టి, లెక్క తక్కువొస్తుంది. పీచును విప్పి గొట్టం అడుగున జారిపోకుండా ఇరికించండి. మూడు సెంటీమీటర్ల నీళ్ళున్న గిన్నెలో బోర్లించి, అంచు కింద రెండు నాణేలు పెట్టండి, లేకపోతే నీళ్ళు లోపలికి వెళ్ళవు. లోపలి నీటిమట్టం దగ్గర గీత పెట్టి, అక్కణ్ణుంచి పైదాకా గాలి పొడవు కొలిచి రాసుకోండి.

48 గంటల తర్వాత సరిగ్గా అదే వేళకు చూడండి. వేడి ఒక్క డిగ్రీ మారితే గాలి ఘనపరిమాణం 0.3 శాతం దాకా మారుతుంది. గిన్నెలో నీళ్ళు ఆవిరై అంచు బయటపడితే మళ్ళీ మొదటికే, మధ్యలో పోస్తుండండి. 20 సెంటీమీటర్ల గాలికి నీరు సుమారు 4 సెంటీమీటర్లు లేస్తుంది, అంటే ఐదో వంతు. గాలిలో ఆక్సిజన్ అసలు విలువ 20.95 శాతం.

చెన్నైలో చేసినా ఇంతే వస్తుంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైనే ఎత్తులో ఉంది కాబట్టి అక్కడ గాలి ఒత్తిడి సుమారు పదో వంతు తక్కువ. అందుకే ఒక్కో శ్వాసలో అందే ఆక్సిజన్ కూడా ఆ మేరకు తగ్గుతుంది, కానీ గాలిలో దాని వాటా మారదు.

గొట్టంలో మిగిలింది దాదాపు అంతా నైట్రోజన్, ఒక శాతం దాకా ఆర్గాన్. మొక్కలు నైట్రోజన్‌ను నేరుగా తీసుకోలేవు. కుండీలో అలసంద మొక్క పెరుగుతుంటే పీకి వేర్లు చూడండి. అక్కడి బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియానే ఆ పని చేసిపెడుతుంది. బుడిపె కోస్తే లోపల ఎర్రగా ఉండాలి. ఆకుపచ్చగా ఉంటే ఆ బుడిపె పనిచేయడం మానేసినట్టే.

కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతమే, ఈ గొట్టంలో తేలదు. ఆకులు పిండి పదార్థం చేసుకునేది మాత్రం దానితోనే. దాన్ని చూడాలంటే తాంబూలం సున్నం చెంచాడు లీటరు నీళ్ళలో కలిపి, మూతపెట్టి రాత్రంతా తేర్చండి. పైతేటను గ్లాసులోకి వంచుకుని స్ట్రాతో మెల్లగా ఊదితే నిమిషంలో పాలలా మారుతుంది, ఎందుకంటే మనం వదిలే ఊపిరిలో అది 4 శాతం దాకా ఉంటుంది. పిల్లలు పొరపాటున పీల్చకుండా పక్కనే ఉండండి. కంట్లో పడితే వెంటనే నీళ్ళతో చాలాసేపు కడిగి డాక్టరుకు చూపించాలి.