బీబీసీ మైక్రో స్విచ్ వేసినా లేవడం లేదా? ముందు చెవితో వినండి

అటక మీంచి దింపిన పాత కంప్యూటర్‌ని చూడగానే స్విచ్ వేసి చూద్దామనిపిస్తుంది. బీబీసీ మైక్రో అయితే మాత్రం ఆగండి. 1981 చివర్లో బ్రిటన్‌లో ఏకార్న్ కంపెనీ తెచ్చిన ఈ యంత్రమే 1984లో మొదలైన క్లాస్ (బడిపిల్లలకు కంప్యూటర్ నేర్పే) పథకం కింద మన బడుల్లోకీ వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత అందులో ముందుగా పొగ వదిలేది పవర్ సప్లై.

1. పవర్ సప్లై

ప్లగ్ పీకేయండి. కేసు మీద "ఫిక్స్" అని రాసి ఉన్న నాలుగు స్క్రూలు విప్పితే పైమూత వస్తుంది. సప్లై నుంచి బోర్డుకి ఎరుపు (+5 వోల్టులు), నలుపు (0), ఊదా (-5) తీగలు వెళ్తాయి. పీకే ముందు ఫోటో తీసుకోండి. ఎరుపు, నలుపు తారుమారైతే తర్వాత రిపేరు చేయడానికి ఏమీ మిగలదు.

సప్లై డబ్బా వెంటనే తెరవకండి. లోపలి పెద్ద కెపాసిటర్ మీద 320 వోల్టుల దాకా డీసీ నిలిచి ఉంటుంది. పది నిమిషాలు ఆగి, మీటరుతో కొలిచి, సున్నాకి దగ్గరగా వచ్చాకే చేయి పెట్టండి.

కరెంటు లోపలికి వచ్చే చోట లేత పసుపు రంగులో, గాజులా కనిపించే రెండు రిఫా కంపెనీ కెపాసిటర్లు ఉంటాయి: ఒకటి 100 నానోఫారడ్లు, ఇంకొకటి 10. లోపల ఉన్నది కాగితం. పైపెంకు పగిలి గాలిలో తేమ చేరితే షార్టై, ఘాటైన వాసనతో పొగ కక్కుతాయి. పగుళ్లు కనబడకపోయినా రెండూ మార్చండి. కొత్తవి తప్పనిసరిగా ఎక్స్2 తరగతి (నేరుగా మెయిన్స్ కరెంటు మీద వాడదగినవి), 275 వోల్టుల ఏసీవి కావాలి. మామూలు పాలియెస్టర్ కెపాసిటర్ ఇక్కడ ప్రమాదం. సీ9 అనే 220 మైక్రోఫారడ్ల ఎలక్ట్రొలిటిక్ కూడా అదే పనిలో మార్చేయండి. అది ఎండిపోతే సప్లై మొదలవడానికే మొరాయిస్తుంది.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు టీవీ మెకానిక్కులు వాడే సీరీస్ బోర్డు (కరెంటును ఒక బల్బు గుండా పంపేది) వాడండి, 60 వాట్ల ఫిలమెంట్ బల్బుతో. బల్బు ఒక్కసారి మెరిసి తగ్గితే మంచిదే; నిండుగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది. ఏ లోడూ లేకుండా కొలిస్తే అంకెలు తప్పుదారి పట్టిస్తాయి కాబట్టి +5కీ 0కీ మధ్య 4.7 ఓమ్‌ల, 10 వాట్ల రెసిస్టర్ పెట్టండి. అది బాగా వేడెక్కుతుంది, పట్టుకోకండి. బల్బు తీసేశాక 4.75 నుంచి 5.25 మధ్య వస్తే బోర్డుకి కలపొచ్చు. తర్వాత ప్రాసెసర్ (ఐసీ1, అంటే బోర్డు మీద ఆ నంబరు రాసి ఉన్న చిప్) 8వ కాలు దగ్గర మళ్లీ కొలవండి. సప్లై దగ్గర బాగుండి ఇక్కడ తక్కువగా ఉంటే ఆ తీగల క్లిప్పులకి చిలుము పట్టినట్టే.

2. మోత ఏం చెబుతోంది?

ఆరోగ్యంగా ఉన్న యంత్రం ఆన్ చేయగానే బొంగురుగా ఒక స్వరం, వెంటనే సన్నగా ఒక బీప్ వినిపిస్తుంది. బొంగురు మోత సౌండ్ చిప్ తనంతట తాను చేసేది. దాన్ని నోరు మూయించేది ఐసీ51లోని ఆపరేటింగ్ సిస్టమ్. అందుకే మోత ఆగకుండా సాగితే కరెంటు అందుతోంది కానీ ప్రోగ్రాం నడవడం లేదని అర్థం. అసలు మోతే లేకపోతే -5 వోల్టులు కూడా చూసుకోండి.

మోత ఆగకపోతే బ్రేక్ మీట నొక్కి వదలండి. అప్పుడు ఆగిందంటే ఆన్ చేసినప్పుడు రీసెట్ (ప్రాసెసర్‌ని మొదటి నుంచి మొదలుపెట్టించే సంకేతం) ఇచ్చే 555 టైమర్ (ఐసీ16) భాగంలో లోపం. ఆగకపోతే ఐసీ1లో రీసెట్ అందే 40వ కాలు కొలవండి: అక్కడ సున్నా దగ్గరే ఉంటే బ్రేక్ మీట ఇరుక్కుపోయిందేమో చూడండి.

రీసెట్ బాగుంటే అనుమానం సాకెట్ల మీదికి వెళ్తుంది. మన తీరప్రాంతపు ఉప్పుగాలిలో గడిపిన యంత్రాలకైతే ముందు అనుమానించాల్సింది వీటినే. ఐసీ1, ఐసీ51, ఐసీ3 (కీబోర్డు, సౌండ్‌లను చూసుకునే చిప్)లను సన్నని స్క్రూడ్రైవర్‌తో అటు కాస్త, ఇటు కాస్త లేపి, కాళ్లు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ కూర్చోబెట్టండి. ఐసీ51, బేసిక్ భాష ఉన్న ఐసీ52 తప్ప మిగిలిన రోమ్‌లు (ప్రోగ్రాములు శాశ్వతంగా నింపిన చిప్‌లు) అన్నీ తీసేసి చూడండి. ఇంకో చిట్కా: ఐసీ69, ఐసీ3 రెండూ ఒకే రకం 6522 చిప్‌లు. ఐసీ69 చోటు ఖాళీగా ఉన్నా యంత్రం లేస్తుంది. కాబట్టి ఐసీ3 సాకెట్‌లో ఉంటే దాని స్థానంలో ఐసీ69ని పెట్టి చూడటానికి పైసా ఖర్చు లేదు.

3. బీప్ వచ్చింది, బొమ్మ లేదు

గుడ్డిగా వీడీయూ7 అని ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసి రిటర్న్ కొట్టండి. బీప్ వస్తే కంప్యూటర్ బతికే ఉంది. తర్వాత మోడ్ 0 అని కొట్టండి. అప్పుడు బొమ్మ వస్తే టెలిటెక్స్ట్ చిప్ (ఐసీ5) చెడింది, ఎందుకంటే ఆన్ కాగానే వచ్చే మోడ్ 7 అనే తెర అమరికకి మాత్రమే అది కావాలి. రాకపోతే ముందు కేబుల్, టీవీ, ఆ తర్వాత తెరకి బొమ్మ పంపే చిప్ అయిన వీడియో యూఎల్ఏ (ఐసీ6) చూడండి. ఇది బాగున్నప్పుడూ చేయి పెట్టలేనంత కాలుతుంది. హీట్‌సింక్ ఊడిపోయి ఉంటే అతికించండి.

తెర మీద "లాంగ్వేజ్?" అని వస్తే ఐసీ52 సరిగా కూర్చోలేదు. మోడల్ బీ అయ్యుండి 32కె బదులు 16కె చూపిస్తే ఐసీ53 నుంచి 60 వరకున్న మెమరీ చిప్‌ల వరుసను వెతకండి.