పొగబెట్టిన మాంసంతో సూప్: కొలతల చీటీ లేకుండా

పొగబెట్టిన మాంసం గిన్నెలో పడేసరికే దానికి ఉప్పు పట్టి, పొగ వాసన ఎక్కి ఉంటుంది. అయితే ఒక ముక్కలో ఉన్నంత ఉప్పు ఇంకో ముక్కలో ఉండదు. ఈ సూప్‌కి రాసిపెట్టిన కొలతలు కుదరనిది అందుకే.

ముందు చిన్న ముక్క కోసి, గ్లాసు నీళ్లలో 10 నిమిషాలు ఉడికించి ఆ నీళ్లు రుచి చూడండి. ఉప్పు కషాయంలా ఉంటే మాంసాన్ని రాత్రంతా చన్నీళ్లలో, ఫ్రిజ్‌లో నానబెట్టి ఆ నీళ్లు పారబోయాలి.

సూప్‌కి బలమిచ్చేది మెత్తటి కండ కాదు. ఎముక, తోలు, కీళ్లు. పంది కాలి ముక్కో, టర్కీ కాలో కిలో ఉంటే రెండున్నర లీటర్ల చన్నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టండి. మరుగు వచ్చాక పైన తేలిన తెట్టు గరిటెతో తీసి, సెగ బాగా తగ్గించండి. బుడగలు ఒకటీ అరా పైకి రావాలి, అంతే. తెర్లనిస్తే కొవ్వు నీళ్లలో కలిసిపోయి సూప్ మబ్బుగా, జిడ్డుగా తయారవుతుంది. పంది కాలుకి 2 నుంచి 3 గంటలు, టర్కీకి రెండు గంటల లోపు పడుతుంది. గడియారం కన్నా మాంసాన్ని నమ్మండి: ఎముక నుంచి జారి వస్తే అయినట్టే. కీళ్లలోని కొలాజెన్ అనే ప్రోటీన్ ఉడికి జిగురులాంటి జెలటిన్‌గా మారుతుంది కాబట్టి, చల్లారాక రసం గడ్డకడితే సంతోషించాలి.

సాసేజ్ సంగతి వేరు. గంటలకొద్దీ ఉడికిస్తే రుచి నీళ్లలోకి పోయి పిప్పి మిగులుతుంది. చక్రాలుగా కోసి వేయించి పక్కన పెట్టి, చివరి 10 నిమిషాల్లో కలపండి. దాని నుంచి దిగిన కొవ్వులోనే రెండు ఉల్లిపాయలు, ఒక క్యారెట్, ఒక సెలరీ కాడ వేయించుకోవచ్చు. వేడి తగలకుండా పొగబెట్టిన రకాలు మాత్రం లోపల పచ్చిగానే ఉంటాయి, పూర్తిగా ఉడకాలి. ఉప్పు, నైట్రైట్ (మాంసం నిలవకి వాడే లవణం) పట్టించిన మాంసం ఉడికినా గులాబీ రంగులోనే ఉంటుంది, కంగారు పడకండి.

చిక్కదనానికి 250 గ్రాముల బఠాణీ పప్పు చాలు, గంటలో కరిగిపోతుంది. రాజ్మా అయితే రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, వేరే గిన్నెలో కనీసం 10 నిమిషాలు తెర్లించి తీరాలి. సన్నసెగ మీద దానిలోని విషపదార్థం పోదు. టమాటా, వెనిగర్ గింజలు మెత్తబడ్డాకే వేయాలి. పులుపు తగిలితే గింజ త్వరగా ఉడకదు. బంగాళదుంప ముక్కలు ఆఖరి 20 నిమిషాలకి.

ఉప్పు డబ్బా చివరిదాకా ముట్టొద్దు, చాలాసార్లు అవసరమే రాదు. ఉప్పెక్కితే బంగాళదుంప పీల్చేస్తుందన్న మాట నమ్మకండి. కొంత రసం తీసేసి నీళ్లు పోయడమే మార్గం. పొగ చేదుగా తగిలితే తోలు తీసేసి అలాగే పలచన చేయండి. అన్నీ సరిపోయినా రుచి చప్పగా అనిపిస్తే చెంచా నిమ్మరసం పిండండి.

మిగిలింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేరాలి. లోతు తక్కువ గిన్నెల్లో పోస్తే త్వరగా చల్లారుతుంది. 3, 4 రోజులు నిలవుంటుంది. మర్నాడు పైన గడ్డకట్టిన కొవ్వు పలకలా ఊడి వస్తుంది. ఫ్రీజర్‌లో పెట్టేదైతే బంగాళదుంప వేయకండి, రవ్వరవ్వగా అయిపోతుంది.