కొత్త డైరెక్షనల్ వాల్వు బిగించే ముందు దాని మధ్య గడి చూడండి

హైడ్రాలిక్ యంత్రంలో ఆయిల్ ప్రెషర్‌తో నడిచే సిలిండర్ కదలకపోతే చాలామంది స్పానర్ తీసుకుని నేరుగా డైరెక్షనల్ వాల్వు (ఆయిల్ పోయే దారి మార్చేది) మీదికే వెళ్తారు. నేను మాత్రం ముందు వాల్వు రేకు మీద ముద్రించిన గుర్తు చదవమంటాను.

4/3 వాల్వు అంటే నాలుగు పోర్టులు (ఆయిల్ దారులు), మూడు స్థానాలు. గుర్తులో ఒక్కో స్థానానికి ఒక్కో గడి ఉంటుంది. పి పంపు నుంచి, టి ట్యాంకుకి, ఎ, బి సిలిండర్‌కి. ఒక కాయిల్‌కి కరెంటిస్తే స్పూల్ (వాల్వు లోపలి కడ్డీ) జరిగి పి ని ఎ కి, బి ని టి కి కలుపుతుంది. రెండో కాయిల్‌కిస్తే దిశ మారుతుంది. కరెంటు తీసేస్తే స్ప్రింగులు స్పూల్‌ని మధ్యకి తెస్తాయి. అసలు తేడాలన్నీ ఆ మధ్య గడిలోనే ఉంటాయి.

అన్ని పోర్టులూ మూసుకునే రకంలో సిలిండర్ ఆగుతుంది. కానీ స్పూల్ చుట్టూ కొన్ని మైక్రాన్ల సందు ఉంటుంది కాబట్టి, బరువు మోస్తుంటే మెల్లగా జారుతుంది. ఫిక్స్‌డ్ పంపయితే (ఎప్పుడూ ఒకే మోతాదులో ఆయిల్ తోసేది) ఆయిలంతా రిలీఫ్ వాల్వు (ప్రెషర్ మితిమీరితే తెరుచుకునేది) మీదుగా పోయి వేడెక్కుతుంది. పి, టి కలిసే టాండెమ్ రకంలో ఆ వేడి ఉండదు. అయితే అదే పంపు మీద సమాంతరంగా ఇంకో వాల్వు ఉంటే దానికీ ప్రెషర్ అందదు.

బరువు జారకుండా పైలట్ చెక్ వాల్వు (ఆయిల్‌ని వెనక్కి పోనివ్వకుండా ఆపి, పైలట్ లైన్లో ప్రెషర్ వస్తేనే వదిలేది) పెట్టిన చోట మాత్రం మధ్య గడిలో ఎ, బి రెండూ టి కి తెరుచుకోవాలి. లేకపోతే పైలట్ లైన్లో ప్రెషర్ చిక్కుకుని చెక్ వాల్వు సరిగా మూసుకోదు. ఎన్‌జీ6 అనే ప్రామాణిక సైజులో ఈ రకాల వాల్వులన్నీ అవే నాలుగు ఎం5 బోల్టులతో కూర్చుంటాయి. అందుకే తప్పు స్పూల్ ఉన్న వాల్వు కూడా చక్కగా బిగుసుకుంటుంది. తర్వాత బరువు ఎందుకు దిగుతోందో ఎవరికీ అంతుపట్టదు. మనుషుల ప్రాణాల మీదికి వచ్చేది ఇక్కడే.

ఇక పరీక్ష. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, పంపు నడుస్తుండగా కాయిల్ చివరనున్న మాన్యువల్ పిన్నుని మొండి కడ్డీతో నొక్కండి. సిలిండర్ కదిలితే లోపం కరెంటు వైపుంది. కదలకపోతే గేజ్ చూడండి. ప్రెషర్ ఉన్నా కదలట్లేదంటే స్పూల్ పట్టేసి ఉండొచ్చు. ఏసీ కాయిల్ కాలిపోతే దాన్నొక్కదాన్నే మార్చకండి. స్పూల్ సగంలో ఇరుక్కుని ఉంటే కొత్తదీ కాలుతుంది. కనెక్టర్ మీద లైటు వెలిగిందంటే వోల్టేజ్ అక్కడిదాకా వచ్చిందని మాత్రమే అర్థం, కాయిల్ బాగున్నట్టు కాదు.

విప్పేముందు బరువుకి ఆసరా పెట్టి, పంపు ఆపి, లైన్లలో ప్రెషర్ సున్నా చేయండి. నాలుగు ఓ-రింగులూ (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగులు) ఉన్నాయో లేదో చూసి, బోల్టులు ఎదురెదురుగా బిగించండి.